చెయ్యి చాపితే నడిచిన డిస్నీల్యాండ్

2011 నాటి డిస్నీల్యాండ్‌ని చూడాలంటే ఇప్పుడు అనహైమ్ వెళ్ళి లాభం లేదు. టికెట్టు కొనుక్కుని లోపలికి అడుగుపెడితే మెయిన్ స్ట్రీట్ ఉంటుంది, దాని చివర కోట ఉంటుంది. స్ప్లాష్ మౌంటెన్ మాత్రం ఉండదు. 2023 మే నెలాఖరుతో దాన్ని మూసేశారు. అది ఉన్న క్రిటర్ కంట్రీ పేరు కూడా మరుసటి ఏడు బేయూ కంట్రీ అయింది. బిగ్ థండర్ కొండ పక్కన పిల్లలు మేకపిల్లల్ని నిమురుతూ గడిపే దొడ్డి 2016 జనవరిలో పోయింది. ఆ వెనకంతా ఇప్పుడు 14 ఎకరాల స్టార్ వార్స్ ఊరు. అక్కడున్న నదిని సైతం కుదించి మలుపు మార్చారు. మిక్కీ టూన్‌టౌన్‌ని ఏడాదిపాటు మూసిపెట్టి మళ్ళీ కట్టారు.

ఆ పాత పార్కులో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఇప్పటికీ మన ఇష్టప్రకారం తిరగగలిగే చోటు నాకు తెలిసి ఒక్కటే. అది ‘కినెక్ట్: డిస్నీల్యాండ్ అడ్వెంచర్స్’ అనే వీడియో గేమ్. అమెరికాలో 2011 నవంబరు 15న మైక్రోసాఫ్ట్ ఆటపెట్టె ఎక్స్‌బాక్స్ 360 కోసం వచ్చింది. ఆడేవాళ్ళ చేతిలో ఏమీ ఉండదు. టీవీ ముందు నిలబడి ఎటు వెళ్ళాలో అటు చెయ్యి చాపితే తెర మీద పిల్లబొమ్మ అటు నడుస్తుంది. చెయ్యి దించితే ఆగుతుంది. మిక్కీ ఎదురైనప్పుడు రెండు చేతులూ చాపితే వచ్చి కౌగిలించుకుంటాడు.

అనహైమ్‌ని ఆనుకుని ఉన్న ఫుల్లర్టన్‌లో మా కాపురం. వేసవి రాత్రుల్లో డిస్నీల్యాండ్ బాణసంచా చప్పుడు మా వంటింట్లోకి వినిపిస్తుంది. పొరుగున ఉన్నందుకేమో, ఈ పార్కు ఎప్పుడు ఏది కూల్చి ఏది కట్టిందో గుర్తుపెట్టుకోవడం నాకు అలవాటైపోయింది. మనవాళ్ళు గుళ్ళకీ కోటలకీ చరిత్ర రాస్తారు. పిల్లలు ఆడుకునే చోటుకీ, వాళ్ళు ఆడుకున్న ఆటకీ చరిత్ర ఉంటుందని ఒప్పుకోవడానికి మొహమాటపడతారు. నాకు ఆ మొహమాటం లేదు.

ఈ పార్కు కట్టకముందే జనం ఇళ్ళలోకి వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో వాల్ట్ డిస్నీ కూతుళ్ళిద్దరూ రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే ఆయన బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండేవాడట. పెద్దవాళ్ళు బయట కూర్చుని ఎదురుచూడకుండా పిల్లలతో కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన అక్కడే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆలోచన బాగానే ఉంది, డబ్బు లేదు. అప్పట్లో వెనకబడి ఉన్న ఏబీసీ టీవీ సంస్థ ముందుకొచ్చింది. 5 లక్షల డాలర్ల పెట్టుబడి పెట్టి, 45 లక్షల డాలర్ల అప్పులకు హామీ ఉండి, పార్కులో మూడో వంతు పైచిలుకు వాటా తీసుకుంది. బదులుగా డిస్నీ వారం వారం ఒక టీవీ కార్యక్రమం చేసిపెట్టాలి. దాని పేరు కూడా ‘డిస్నీల్యాండ్’. అది 1954 అక్టోబరు 27న మొదలైంది. అప్పటికి అనహైమ్‌లోని 160 ఎకరాల నారింజ, అక్రోటు తోటల్లో చెట్లు కొట్టి పని మొదలుపెట్టి మూడు నెలలే. అమెరికా పిల్లలు ముందు తమ హాల్లో టీవీ మీద నమూనా బొమ్మల్లో ఆ పార్కుని చూశారు. అది నిజంగా లేచి నిలబడింది ఆ తరవాత.

ప్రారంభం 1955 జులై 17న. ఖర్చు ఒక కోటీ 70 లక్షల డాలర్లు. దొంగ టికెట్లు అచ్చయి, పిలవని జనం వేలల్లో వచ్చిపడ్డారు. ఎండకి కొత్త తారు మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె కారణంగా మంచినీళ్ళ కుళాయిలు, మరుగుదొడ్లు రెండూ సిద్ధం చేసే వ్యవధి లేక, మరుగుదొడ్లకే ఓటేశారు. అదే సమయంలో ఏబీసీ ప్రత్యక్ష ప్రసారాన్ని దాదాపు 9 కోట్ల మంది చూశారని అంచనా. ఆ రోజు డిస్నీల్యాండ్‌ని హాయిగా చూసింది ఇంట్లో కూర్చున్నవాళ్ళే అని నా నమ్మకం.

అప్పట్నుంచి పార్కుని ఇంటికి తెచ్చే ప్రయత్నాలు ఆగలేదు. కళ్ళకి ఆనించి మీట నొక్కితే ఒక్కో బొమ్మా కదిలే వ్యూమాస్టర్ చక్రాల్లో డిస్నీల్యాండ్ చాలాకాలం అమ్ముడుపోయింది. 1990లో క్యాప్‌కామ్ కంపెనీ నింటెండో కోసం ‘అడ్వెంచర్స్ ఇన్ ది మ్యాజిక్ కింగ్‌డమ్’ తెచ్చింది. పార్కు 50 ఏళ్ళ పండగకి 2005లో ‘వర్చువల్ మ్యాజిక్ కింగ్‌డమ్’ అని ఇంటర్నెట్‌లో ఒక ఆట పెట్టి, 2008 మేలో సర్వర్లు ఆపేశారు. దాంతో ఆ లోకం మొత్తం పోయింది. పిల్లలు అందులో కట్టుకున్న గదులూ, పోగుచేసుకున్న సామాన్లూ దేనికీ ఆనవాలు మిగల్లేదు. డిస్కు మీద వచ్చిన ఆట విలువ నాకు అప్పుడే బోధపడింది.

ఇక ఈ ఆటని నడిపించే కెమెరా, కినెక్ట్ సంగతి. 2009 జూన్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని ‘ప్రాజెక్ట్ నటాల్’ పేరుతో ప్రకటించింది. నటాల్ బ్రెజిల్‌లో ఒక ఊరు. పనిని నడిపించిన అలెక్స్ కిప్‌మన్ బ్రెజిల్ వాడు. లోపలి కన్ను ఇజ్రాయెల్‌లోని ప్రైమ్‌సెన్స్ కంపెనీది. మనకు కనపడని పరారుణ కాంతిని వేల చుక్కలుగా గది మీద చల్లి, ఆ చుక్కలు ఎలా జరిగాయో చూసి ఏది ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది. అక్కడితో పని సగమే. గదిలో సోఫా ఏది, మనిషి ఎవరు, ఆ మనిషిలో మోచెయ్యి ఏది, మోకాలు ఏది అని తేల్చాలి. అది ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాల చేసింది. రకరకాల ఒడ్డూపొడుగూ ఉన్న శరీరాల్ని, రకరకాల భంగిమల్లో కంప్యూటర్‌తో లక్షల సంఖ్యలో తయారుచేసి, వాటితో యంత్రానికి శిక్షణ ఇచ్చారు. ఫలితంగా అది సెకనుకి 30 సార్లు మన ఒంట్లో 20 కీళ్ళు ఎక్కడున్నాయో గుర్తుపట్టగలిగింది.

2010 నవంబరు 4న అమ్మకానికి వచ్చింది. 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడై, అంత వేగంగా అమ్ముడుపోయిన ఎలక్ట్రానిక్ వస్తువు మరొకటి లేదని గిన్నిస్ పుస్తకానికెక్కింది. కెమెరా ఇంటింటికీ చేరింది. దాంతో ఆడటానికి అమ్మా నాన్నా పిల్లలూ కలిసి నిలబడే పెద్ద ఆట ఒకటి కావాలి. డిస్నీల్యాండ్ కన్నా తగిన చోటు ఏముంటుంది?

ఆ పని దక్కింది అదే కేంబ్రిడ్జ్‌లోని ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్‌కి. దాని వ్యవస్థాపకుడు డేవిడ్ బ్రేబెన్ 1984లో ఇయాన్ బెల్‌తో కలిసి ‘ఎలీట్’ చేసినవాడు. 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న బీబీసీ మైక్రో కంప్యూటర్‌లో, ఒక్కోదానిలో 256 లోకాల చొప్పున 8 పాలపుంతల్ని ఇమిడ్చిన ఆట అది. ఫ్రాంటియర్ 2004లో చేసిన ‘రోలర్‌కోస్టర్ టైకూన్ 3’లో పార్కు మనమే కట్టి, మనం కట్టిన రైలు మనమే ఎక్కి తిరగొచ్చు. 2010లో కినెక్ట్‌తో పాటే పులిపిల్లల్ని నిమిరే ‘కినెక్టిమల్స్’ కూడా వీళ్ళే చేశారు. ఒక విశాలమైన చోటుని చిన్న పెట్టెలో పట్టించడం, వేడుక పార్కు ఎలా నడుస్తుందో ఎరగడం, బటన్లు లేకుండా ఆడించడం - మూడూ తెలిసిన పనివాళ్ళ చేతిలో పడబట్టే ఈ ఆట ఇలా కుదిరింది. వీళ్ళే తరవాత 2016లో ‘ప్లానెట్ కోస్టర్’ తెచ్చారు.

పార్కు నేలపటాన్ని వాళ్ళు ఎంత శ్రద్ధగా పట్టుకున్నారో నాకు మా అత్తయ్యగారి వల్ల తెలిసింది. ఆమెది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆరు నెలలు ఉందామని వచ్చినప్పుడు చలికాలం. బయటికి వెళ్ళే వీలు తక్కువ. మా అబ్బాయి హాల్లో ఈ ఆట ఆడుతుంటే సోఫాలో కూర్చుని చూసేవారు. కినెక్ట్ ముందు ఒక్కరు నిలబడాలంటే ఆరడుగులు, ఇద్దరైతే ఎనిమిదడుగుల ఖాళీ కావాలి. టీపాయ్ గోడకి జరిపి, సోఫా వెనక్కి నెట్టి, తివాచీ అంచు ఎక్కడుండాలో టేపుతో గుర్తుపెట్టుకున్నాం. రెండోవాళ్ళు మధ్యలో వచ్చి పక్కన నిలబడితే చాలు, ఆటలో చేరిపోతారు. ఒకరోజు మావాడు “నానమ్మా, నువ్వూ రా” అని చెయ్యి పట్టుకుని లాగాడు.

ఆమె నిలబడ్డారు. తెర మీద బొమ్మ వచ్చింది, వణికింది, పోయింది. మళ్ళీ వచ్చింది, పోయింది. మావాడు పక్కన నిలబడితే చక్కగా దొరుకుతున్నాడు.

“ఏందమ్మాయ్, నా కాళ్ళు కనపడవా దానికి?” అన్నారు.

ఆ మాటే నిజం. ఆ యంత్రం నేర్చుకున్న శరీరాలకి రెండు కాళ్ళు విడివిడిగా ఉంటాయి. చీర కట్టుకున్న మనిషి నడుము నుంచి పాదాల దాకా ఒకటే గుడ్డ. దానికి మోకాలు ఎక్కడో తెలియడం లేదు. పొడుగు గౌన్లు, వదులు బట్టలతో కూడా ఈ తంటా ఉండేది. “అత్తయ్యా, కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోండి” అన్నాను. నాట్లు వేసేటప్పుడు చేలో దిగినట్టు కుచ్చిళ్ళు ఎగదోపి, కొంగు నడుముకి బిగించి నిలబడ్డారు. బొమ్మ వణుకు తగ్గింది. చెయ్యి చాపారు. మెయిన్ స్ట్రీట్‌లో ఒక చిన్నపిల్ల కోటవైపు నడవడం మొదలెట్టింది.

ఆ చలికాలమంతా ఆమె ఆ పార్కులో తిరిగారు. ఇంగ్లీషు చదవలేరు. బోర్డులతో ఆమెకి పని లేదు. వీధి చివర గుండ్రటి కూడలి, అక్కడ ఎదురుగా కోట, ఎడమకి తిరిగితే అడవి పడవలు, కుడికి తిరిగితే రాకెట్లు - అలా గుర్తుపెట్టుకున్నారు. డిస్నీల్యాండ్‌ని నిజంగా కట్టినవాళ్ళ ఎత్తుగడ కూడా అదే. ఒకే వాకిలి, ఒకే వీధి, నడిబొడ్డున కూడలి, దానినుంచి విచ్చుకునే దారులు. జనం దారి తప్పకూడదని 1955 నాటి పార్కుకి వేసుకున్న పథకం 2011లో తెనాలి ఆవిడకి చెయ్యి చాపడంతో పట్టుబడింది.

తరవాత వసంతంలో అసలు పార్కుకి తీసుకెళ్ళాం. కూడలి దాకా వచ్చి నేను మ్యాపు విప్పుతుంటే, “దేనికమ్మాయ్, ఇటు పోతే పడవలు” అని ఎడమవైపు దారి తీశారు. టికీ రూమ్ దాటగానే జంగిల్ క్రూజ్. సరిగ్గా అక్కడికే. పడవలో కూర్చున్నాక “ఇది పాపికొండల లాంచీలాగే ఉంది, నీళ్ళు తక్కువ” అన్నారు. ఆమెని ఇబ్బంది పెట్టింది వరసలు. ఆటలో వరస ఉండదు. అక్కడ ఎండలో నిలబడి నిలబడి, రెండు మూడు నిమిషాల్లో అయిపోయేదానికి ఇంతసేపా అని అడిగారు.

పీటర్ పాన్ ఫ్లైట్ దగ్గర ఆమె చెప్పింది నాకు ఇంకా గుర్తు. పార్కు తెరిచినప్పట్నుంచీ ఉన్న సవారీ అది. పైన వేలాడే చిన్న ఓడలో కూర్చుంటే చీకట్లో లండన్ దీపాల మీదుగా తీసుకెళ్తుంది. ఆటలో ఓడ లేదు. మన రెండు చేతులే రెక్కలు. ఒళ్ళు ఎటు వంచితే అటు ఎగురుతాం. దిగాక ఆమె “ఇంట్లోనే బాగుంది. అక్కడ నేను ఎగిరాను. ఇక్కడ వాళ్ళు తిప్పారు” అన్నారు.

ఫ్రాంటియర్ వాళ్ళు తీసుకున్న ముఖ్యమైన నిర్ణయం ఇదేనని నేను అనుకుంటాను. వీధుల్ని, కొండల్ని, కోటని ఉన్నవి ఉన్నట్టు దించారు. సవారీల్ని మాత్రం దించలేదు. సవారీలో మనిషి కదలకుండా కూర్చుంటాడు. దాన్ని యథాతథంగా తెర మీద పెడితే కూర్చుని చూసే సినిమా అవుతుంది. అందుకే ప్రతి సవారీ వెనక ఉన్న కథని తీసి, ఒంటితో ఆడే చిన్న చిన్న ఘట్టాలుగా మలిచారు. ఓడిపోయి వెనక్కి రావడం అంటూ దాదాపు లేదు. ఆటల్లో తలపండినవాళ్ళు దాన్ని లోపం అన్నారు. నాకు అది లోపంగా కనపడలేదు. ఆరేళ్ళ మనవడు, అరవై దాటిన నానమ్మ పక్కపక్కన నిలబడాలంటే ఇద్దరిలో ఎవరూ ఓడకూడదు.

కొన్ని లేవు. ఇండియానా జోన్స్ సవారీ, స్టార్ టూర్స్ ఆటలో ఆడటానికి దొరకవు. లూకస్‌ఫిల్మ్ అప్పటికి వేరే కంపెనీ. డిస్నీ దాన్ని కొంటున్నట్టు ప్రకటించింది 2012 అక్టోబరులో. కాబట్టి 2011లో ఎవరి సొత్తు ఎవరిదో కూడా ఈ ఆటలో చదువుకోవచ్చు.

స్ప్లాష్ మౌంటెన్ మాత్రం ఉంది. 1989లో కట్టిన ఆ కొండ కథలు 1946 నాటి ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ సినిమాలోవి. నల్లజాతివారి బతుకుని ఆ సినిమా చూపించిన తీరు తప్పని మొదట్నుంచీ అభ్యంతరాలున్నాయి. అమెరికాలో డిస్నీ దాన్ని ఇంటి వీడియోగా ఎప్పుడూ విడుదల చెయ్యలేదు. సవారీని తీసేసి 2024 నవంబరులో డిస్నీ రాకుమారి టియానా పేరుతో కొత్తది పెట్టడం సరైన పనేనని నా అభిప్రాయం. కానీ ఒకప్పుడు అది ఉండేదని, లక్షల మంది పిల్లలు దాన్ని ఎక్కి కేరింతలు కొట్టారని తెలిపే ఆధారం ఉండాలి. తప్పుని గుర్తించినవాళ్ళు ఆ తప్పు ఏమిటో చూపించగలగాలి. ఊహ ఉన్నంతకాలం డిస్నీల్యాండ్ పూర్తికాదని వాల్ట్ డిస్నీ అన్నాడు. ఆ మాటకి కట్టుబడి పార్కు తనని తాను చెరిపి రాసుకుంటూ ఉంటుంది. చెరిపిన పుటలు ఎవరో ఒకరు దాచాలి. ఒక కెమెరాని అమ్మడానికి చేసిన ఆట ఆ పని చేసిపెట్టింది.

ఆ కెమెరా ఎక్కువకాలం నిలవలేదు. 2013 నవంబరులో కొత్త ఎక్స్‌బాక్స్ వన్‌తో కినెక్ట్‌ని తప్పనిసరిగా కలిపి 499 డాలర్లకి అమ్మారు. పోటీగా వచ్చిన సోనీ పెట్టె 399. పైగా ఇంట్లో ఎప్పుడూ కన్నూ చెవీ తెరిచి ఉండే యంత్రం ఏమిటని జనం భయపడ్డారు. 2014 ఫిబ్రవరిలో మన హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ పగ్గాలు తీసుకున్నారు. ఆ జూన్ నుంచి కినెక్ట్ లేని పెట్టె 399కి దొరకడం మొదలైంది. వ్యాపారపరంగా అది తప్పనిసరి నిర్ణయం. కానీ ప్రతి ఇంట్లో ఉంటుందన్న భరోసా పోయాక, దానికోసం ఆటలు చేసేవాళ్ళూ తగ్గిపోయారు.

2017 శరదృతువులో పది రోజులు తిరగకుండానే మూడు సంగతులు జరిగాయి. అక్టోబరు 25న కినెక్ట్ తయారీ ఆపేశామని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. అక్టోబరు 31న ‘డిస్నీల్యాండ్ అడ్వెంచర్స్’ ఎక్స్‌బాక్స్ వన్‌కీ విండోస్ 10కీ మళ్ళీ వచ్చింది, పేరు ముందున్న కినెక్ట్ తీసేసి, మామూలు కంట్రోలర్‌తో ఆడుకునేలా. నవంబరు 3న ఐఫోన్ 10 అమ్మకానికొచ్చింది. ప్రైమ్‌సెన్స్‌ని యాపిల్ 2013లోనే కొనేసింది. మొహం చూసి తాళం తీసే ఆ ఫోన్ కూడా కనపడని చుక్కల్ని చల్లే చదువుతుంది. హాల్లో నానమ్మని నాట్యమాడించిన విద్య జేబులోకి చేరి కాపలా కాస్తోంది.

కొత్త రూపంలో బొమ్మ స్పష్టత పెరిగింది, పాత పార్కు కళ్ళకి మరింత బాగా కనిపిస్తుంది. పార్కుని కాపాడినందుకు వాళ్ళకి నా కృతజ్ఞత. అయితే అందులో చెయ్యి చాపాల్సిన అవసరం లేదు. తరవాతిసారి వచ్చినప్పుడు మా అత్తయ్యగారి చేతికి కంట్రోలర్ ఇచ్చాం. రెండు బొటనవేళ్ళతో రెండు పుల్లలు తిప్పి, వేళ్ళతో బటన్లు నొక్కడం ఆమెకి కుదరలేదు. కాసేపటికి పక్కన పెట్టేసి, “పాతది లేదా?” అని అడిగారు. కినెక్ట్ తప్పనిసరైన 360 ఆటలు కొత్త పెట్టెల్లో ఆడవు. ఎక్స్‌బాక్స్ 360 దుకాణాన్ని కూడా 2024 జులై 29న మూసేశారు. ఇక మిగిలినవి ఇళ్ళలో అటకల మీద, గరాజ్ అరల్లో ఉన్న పాత పెట్టెలే.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకి ఒక విన్నపం. ఇరవయ్యేళ్ళ క్రితం నుంచి ఇక్కడ పిల్లల్ని పెంచిన చాలామంది ఇళ్ళలో ఒక కినెక్ట్ ఉండి ఉంటుంది. గరాజ్ సేల్‌లో అయిదు డాలర్లకి ఇచ్చేసే ముందు ఒక్కసారి తగిలించి చూడండి. పనిచేస్తే, ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ళని దాని ముందు నిలబెట్టి, వాళ్ళు ఆడుతుంటే పక్కనుంచి ఫోన్లో వీడియో తియ్యండి. తెర ఒక్కటే కాదు, మనిషి కూడా అందులో కనపడాలి, ఎందుకంటే ఈ ఆటలో సగం మనిషి ఒంట్లోనే ఉంది. మీకు అక్కర్లేదనుకుంటే ఆటల చరిత్రని భద్రపరిచే చోట్లున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియం, కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం అలాంటివే. తీసుకుంటారా అని ముందు రాసి అడగండి. ఇచ్చేటప్పుడు కెమెరా, డిస్కు, వాటితో పాటు కెమెరాకి కరెంటు అందించే తీగ కూడా ఒకే పెట్టెలో పెట్టండి. పాత రకం 360కి ఆ తీగ లేకపోతే కినెక్ట్ పనిచెయ్యదు.